అమ్మ ఉంటున్న నర్సింగ్ హోమ్: మందుల చార్టు చూసి రాస్తున్న సమీక్ష

మా అమ్మకు 81 ఏళ్లు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక ఆమెను ఇంట్లో చూసుకోవడం మా శక్తికి మించిన పని అయింది. ఏడాదిన్నర క్రితం, వృద్ధులను దీర్ఘకాలం ఉంచుకుని చూసుకునే ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చాము. గదులు ఎలా ఉన్నాయి, తోట ఎంత పెద్దది అన్నవి ఒకసారి వెళ్లి చూస్తే ఎవరికైనా తెలుస్తాయి కాబట్టి వాటి గురించి ఇక్కడ రాయడం లేదు. బయటి నుంచి చూసేవారికి కనిపించనిదీ, లోపల ఉన్నవారి ప్రాణాలు ఆధారపడి ఉండేదీ ఒకటుంది. డాక్టరు రాసిన మందు, నర్సు ఇచ్చిన మందు, కాగితం మీద నమోదైన మందు, ఈ మూడూ ఒకటేనా కాదా అన్నది. ఈ సమీక్ష దాని గురించే. సంస్థ పేరు రాయడం లేదు. నేను చెప్పే మంచీ చెడూ ఏ నర్సింగ్ హోమ్‌ను ఎంచుకునేటప్పుడైనా అడిగి తెలుసుకోవలసినవే.

అమ్మకు రక్తపోటు, థైరాయిడ్ ఉన్నాయి. గుండె లయ తప్పుతుండడం వల్ల రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ కూడా వాడుతోంది. చేరిన రోజున ఆమె మందుల సంఖ్య 11. చీటీలు తీసుకువెళితే సరిపోతుందనుకున్నాను. ఇంట్లో ఉన్న మందులన్నీ, పాత స్ట్రిప్పులతో సహా, ఒక సంచిలో వేసి తీసుకురమ్మని హెడ్ నర్సు ముందురోజే ఫోన్ చేసి చెప్పింది. ఆ సంచిని బల్ల మీద కుమ్మరించి, ఒక్కొక్క స్ట్రిప్పూ చేతిలోకి తీసుకుని, పేరూ మోతాదూ గడువు తేదీ పైకి చదువుతూ, "ఇది దేనికి వేసుకుంటున్నారమ్మా?" అని అమ్మనే అడిగింది. దాదాపు గంట పట్టింది. ఏ డాక్టరు చీటీలోనూ లేని ఐబుప్రొఫెన్ అప్పుడే బయటపడింది. మోకాళ్ల నొప్పులకని అమ్మ తనంతట తానే కొని వేసుకుంటోందట. వార్ఫరిన్‌తో పాటు ఆ మాత్ర వేసుకుంటే కడుపులో రక్తస్రావమయ్యే ప్రమాదం బాగా పెరుగుతుంది. చీటీలను మాత్రమే చూసి రాసుకునే చోట అయితే ఆ సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు.

అలర్జీల దగ్గర కూడా అంతే శ్రద్ధ చూశాను. "సల్ఫా మందులు పడవు" అని నేను చెప్పగానే రాసుకుని ఊరుకోలేదు. పడకపోవడమంటే వాంతులా, ఒంటి మీద దద్దుర్లా, గొంతు వాచి ఊపిరాడకపోవడమా, అది జరిగి ఎన్నేళ్లయింది అని అడిగి, ఆ వివరాలన్నీ రాసింది. "పడదు" అన్న ఒక్క మాట ఒక్కోసారి అవసరమైన మందును అడ్డుకుంటుంది, ఒక్కోసారి ప్రాణాంతకమైనదాన్ని తేలిగ్గా తీసుకునేలా చేస్తుంది. ఏం జరిగిందో రాసి ఉంటే తరువాత చూసే డాక్టరు తానే తూచుకోగలడు.

ఇక రోజువారీ పని. మందుల ట్రాలీ నెట్టుకుంటూ వచ్చే నర్సు, మందులు ఇస్తున్నంతసేపూ తనను పలకరించవద్దని రాసి ఉన్న ఎర్రటి జాకెట్టు వేసుకుని ఉంటుంది. మొదటి వారంలో తెలియక పలకరించబోతే, చేతితో ఆగమన్నట్టు సైగ చేసింది. అప్పుడు కొంచెం నొచ్చుకున్నాను, కానీ ఆమె చేసిందే సరైన పని. గదిలోకి వచ్చి మొదట చేతికున్న పట్టీ చూస్తుంది, తరువాత పేరు అడుగుతుంది. ఒకరోజు అమ్మకు విసుగొచ్చి, "రోజూ చూస్తూనే ఉన్నావు కదా తల్లీ, నా పేరు నీకు తెలియదా?" అంది. "తెలుసు అమ్మమ్మగారూ, అయినా మీ నోటితో చెబితేనే నాకు ధైర్యం" అని ఆ అమ్మాయి నవ్వుతూనే, పేరు చెప్పేదాకా గ్లాసు అందించలేదు. మాత్ర మింగాక నోరు తెరిపించి చూసి, ఆ తరువాతే చార్టులో సంతకం పెట్టింది. ఈ వరుస ముఖ్యం. అన్ని గదులవీ ముందే సంతకాలు చేసేసుకుని ఆపైన ట్రాలీతో బయలుదేరే చోట, రోగి వద్దన్న మాత్ర కూడా వేసుకున్నట్టే నమోదవుతుంది.

మేము చేరిన కొత్తలో అక్కడ కాగితపు చార్టులే ఉండేవి. అమ్మ సమ్మతి పత్రం రాసి ఇచ్చి ప్రతులు కావాలని అడిగితే, రెండు రోజుల్లో ఇచ్చారు. ఈ ఒక్క విషయంలో వారికి పూర్తి మార్కులు ఇస్తాను. చేరకముందే ప్రతి కుటుంబమూ అడిగి తేల్చుకోవలసిన విషయమిది. ఆరు వారాల చార్టులు ఇంటికి తెచ్చుకుని గడి గడి చూశాను. మందు ఎందుకు ఇవ్వలేదో తెలిపే సంకేతాలు ఉన్నాయి. రోగి వద్దన్నారు, నిద్రలో ఉన్నారు, ఆసుపత్రిలో ఉన్నారు, నాడి నెమ్మదిగా ఉన్నందున ఆపాము, ఇలా ప్రతిదానికీ ఒక అక్షరం. ఆరు వారాల్లో మూడు గడులు మాత్రం ఖాళీగా కనిపించాయి. తక్కువేనని అనిపించవచ్చు, కానీ వాటిలో ఒకటి వార్ఫరిన్ గడి. ఖాళీ గడిని చూసిన రాత్రి నర్సు, మందు ఇవ్వలేదనుకుని మళ్లీ ఇస్తే రెండు డోసులవుతాయి, ఇచ్చారనుకుని వదిలేస్తే ఒకటీ ఉండదు. ఏది జరిగిందో నాకు చెప్పగలిగిన వారెవరూ లేకపోయారు. ఆ సంగతి చెప్పాక, షిఫ్టు మారేటప్పుడు వెళ్లే నర్సూ వచ్చే నర్సూ కలిసి గడులన్నీ చూసుకునే పద్ధతి పెట్టారు. అంతకుముందు మత్తు కలిగించే నొప్పి మందుల లెక్కను మాత్రమే ఇద్దరూ కలిసి చూసుకునేవారు.

వార్ఫరిన్ విషయంలో వారి చార్టు నాకు బాగా నచ్చింది. ఈ మందు మోతాదు ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష ఫలితాన్ని బట్టి మారుతుంటుంది. అమ్మకు అది 2కూ 3కూ మధ్య ఉండాలి. వార్ఫరిన్‌కు వేరే రంగు కాగితం పెట్టి, మోతాదు పక్కనే చివరి పరీక్ష తేదీ, ఫలితం, తదుపరి పరీక్ష తేదీ రాస్తారు. మోతాదు ఒక చోట, పరీక్ష మరో ఫైలులో ఉంటే నర్సు రెండూ వెతుక్కోవాలి, రద్దీ వేళ అలా వెతికే తీరిక ఎవరికీ ఉండదు.

డాక్టర్ల ఆర్డర్ల గురించి కొంచెం వివరంగా చెబుతాను. చార్టుల ఫైలు అట్ట లోపలి వైపున, రాయకూడని పొట్టి రాతల పట్టిక అతికించి ఉంది. ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ అనే అమెరికా సంస్థ ఇలాంటి పట్టికను 2004లో తెచ్చింది. యూనిట్లు అని పూర్తిగా రాయకుండా ఇంగ్లీషు 'యు' అక్షరం ఒక్కటే పెడితే అది సున్నాలా కనిపించి, 4 యూనిట్ల ఇన్సులిన్ 40 అయిపోతుంది. 5 అని రాయవలసిన చోట 5.0 అని రాస్తే, చుక్క చెరిగిపోతే 50. సున్నా లేకుండా .5 అని రాస్తే అది 5. చూడటానికి ఇవి చిన్న విషయాలే, కానీ ఇన్సులిన్ విషయంలో పది రెట్లంటే మనిషి స్పృహ తప్పడమే. ఈ నియమాన్ని నర్సులు పాటిస్తున్నారు. డాక్టర్లలో ఒకరు మాత్రం ఇప్పటికీ పొట్టి రాతలే రాస్తున్నారు, నర్సులు ఆయనకు ఫోన్ చేసి అడిగి, పక్కన పూర్తిగా రాసుకుంటున్నారు. తప్పు జరగకుండా చూసుకుంటున్నందుకు వారిని మెచ్చుకోవాలి, ఆ భారం వారి మీద వేసినందుకు యాజమాన్యాన్ని తప్పుపట్టాలి.

ఫోన్‌లో ఇచ్చే ఆర్డర్లను రాసుకున్నాక తిరిగి చదివి వినిపిస్తారు. నా ఎదుటే ఒకసారి నర్సు "ఒకటి, అయిదు, పదిహేను ఎంజీ" అని అంకెలు విడివిడిగా పలికి, డాక్టరు చేత అవుననిపించుకుంది. ఇంగ్లీషులో పదిహేనుకూ యాభైకీ ఉన్న తేడా ఫోన్‌లో సరిగా వినిపించదు. వారానికి ఒక్కసారే వేసుకోవలసిన మెథోట్రెక్సేట్ లాంటి మందుల చార్టులో మిగిలిన ఆరు రోజుల గడులనూ ముందుగానే కొట్టేస్తారని చెప్పారు. అమ్మకు ఆ మందు లేదు. కానీ వారానికోసారి వేయవలసిన ఆ మాత్రను పొరపాటున రోజూ వేయడం వల్ల ప్రాణాలు పోయిన సందర్భాలు అనేక దేశాల్లో నమోదయ్యాయి కాబట్టి, ఆ అడ్డగీతల విలువ నాకు అర్థమైంది.

"అవసరమైతే ఇవ్వండి" అన్న ఆర్డర్ల దగ్గర మాత్రం మొదట్లో నాకు అసంతృప్తి ఉండేది. పారాసిటమాల్ అని రాసి, పక్కన నొప్పికి అని మాత్రమే ఉండేది. ఎంతసేపటికి ఒకసారి, 24 గంటల్లో మొత్తం ఎంతకు మించకూడదు, ఇచ్చాక నొప్పి తగ్గిందా అన్నవి లేవు. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది కనుక, ఆ మొత్తం రాయకపోతే లెక్క తప్పడం చాలా తేలిక. నాలుగో నెలలో ఇవన్నీ రాయడం మొదలుపెట్టారు. గంట తరువాత తిరిగి వచ్చి నొప్పి పదికి ఎంత ఉందో అడిగి రాయడం కూడా అప్పుడే మొదలైంది.

ఇప్పుడు అసలు తప్పు జరిగిన సంగతి చెబుతాను. ఆరో నెలలో అమ్మకు న్యుమోనియా వచ్చి ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. డిశ్చార్జి అయి నర్సింగ్ హోమ్‌కు వచ్చేసరికి శుక్రవారం సాయంత్రం అయింది. రక్తపోటు మాత్ర ఆమ్లోడిపిన్ 5 ఎంజీ ఇంతకుముందు చార్టులో కంపెనీ పేరుతో ఉండేది. ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీలో అదే మందు అసలు పేరుతో ఉంది. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు అది కొత్త మందు అనుకుని చార్టులో చేర్చింది. పాతది కొట్టేయమని ఎవరూ రాయలేదు కాబట్టి పాతదీ కొనసాగింది. ఆరు రోజుల పాటు అమ్మ రోజుకు రెండు ఆమ్లోడిపిన్ మాత్రలు వేసుకుంది. నేను వెళ్లేసరికి పాదాలు ఉబ్బి, మంచం మీద నుంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయంటూ గోడ పట్టుకుంటోంది. తుంటి ఒకసారి విరిగిన మనిషి కళ్లు తిరిగి పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. చార్టు తెప్పించుకుని, సమ్మరీ పక్కన పెట్టుకుని వరుసగా చూస్తే పదో వరుసలో దొరికింది. ఆ రోజు బీపీ 92/54.

నేను చూపించగానే హెడ్ నర్సు ముఖం పాలిపోయింది, కానీ సాకులు చెప్పలేదు. డాక్టరుకు అప్పటికప్పుడే ఫోన్ చేసింది, నాలుగు గంటలకోసారి బీపీ చూడమని రాయించింది, జరిగిన తప్పును నమోదు చేసే ఫారం నా ఎదుటే నింపింది. మరీ ముఖ్యంగా, పాత చార్టును మార్చలేదు. తప్పుగా చేరిన వరుస మీద, కింద ఉన్న అక్షరాలు చదవడానికి వీలుగా, ఒకే ఒక గీత గీసి, పక్కన తేదీ, సమయం, తన పొడి సంతకం పెట్టి, కారణం రాసింది. తెల్ల రంగు పూసి చెరిపేసి ఉంటేనో, కొత్త కాగితం మీద మళ్లీ రాసి ఉంటేనో, అమ్మను మరునాడే అక్కడి నుంచి తీసుకువచ్చేదాన్ని.

అయినా ఆ ఆరు రోజులను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఆసుపత్రికి వెళ్లకముందు వేసుకున్న మందులు, ఆసుపత్రిలో ఇచ్చినవి, ఇంటికి పంపేటప్పుడు రాసినవి, ఈ మూడు జాబితాలనూ పక్కపక్కన పెట్టి ప్రతి మందుకూ ఉంచాలా, మార్చాలా, ఆపాలా అని తేల్చవలసిన మనిషి ఒకరు ఉండాలి. అక్కడ ఆ బాధ్యత ఎవరి పేరునా లేదు. ఫార్మసిస్టు శుక్రవారం మధ్యాహ్నమే వెళ్లిపోయారు, సోమవారం వచ్చాక ఈ చార్టు ఆయన చేతికి వెళ్లలేదు. ఇలాంటివి ఈ ఒక్కచోటే జరుగుతాయని నేను అనను. ఇంగ్లండ్‌లోని 55 వృద్ధ సంరక్షణ కేంద్రాల్లో 256 మందిని పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, దాదాపు 70 శాతం మంది విషయంలో మందులకు సంబంధించి కనీసం ఒక తప్పు కనిపించింది. వారు వాడుతున్న మందులు సగటున ఒక్కొక్కరికి 8. అందుకే తప్పే జరగని చోటు కోసం కాకుండా, జరిగిన తప్పు త్వరగా కంటపడే చోటు కోసం వెతకాలన్నది నా అభిప్రాయం. ఇక్కడ అది కంటపడింది కానీ త్వరగా పడలేదు, వారి కంట పడలేదు కూడా. ఇప్పుడు ఆసుపత్రి నుంచి వచ్చిన ప్రతివారి మందులనూ 24 గంటల్లోపు ఇద్దరు నర్సులు విడివిడిగా సరిచూడాలని, చార్టులో మందు అసలు పేరే రాయాలని నియమం పెట్టారు. అమ్మ ఆ తరువాత మరోసారి ఆసుపత్రికి వెళ్లి వచ్చినప్పుడు ఆ నియమం పాటించడం నేను కళ్లారా చూశాను.

పదో నెలలో కాగితం పోయి కంప్యూటరు వచ్చింది. అక్షరాలు చదవలేని బాధ తీరింది. ఏ మందు ఏ నిమిషంలో ఇచ్చారో తెలుస్తోంది. అయితే కొత్త తప్పులు కూడా వచ్చాయి. రోజుకు ఒకసారి అని నమోదు చేసిన మందులన్నిటికీ యంత్రం తనంతట తానే ఉదయం 8 గంటల సమయం వేసింది. పరగడుపున వేసుకోవలసిన థైరాయిడ్ మాత్ర, దానికి కనీసం నాలుగు గంటల ఎడం ఉండవలసిన కాల్షియం, రెండూ ఒకే గ్లాసు నీళ్లతో అమ్మ గొంతు దిగాయి. రెండు వారాల తరువాత ఫార్మసిస్టు పట్టుకుని థైరాయిడ్ మాత్రను 6 గంటలకు మార్చారు.

అంతకంటే నన్ను కలవరపెట్టినది రాత్రి పూట రాసే నోట్సు. ఒక నెల ప్రతులు చూస్తుంటే, "ప్రశాంతంగా నిద్రపోయారు, నొప్పి లేదని చెప్పారు" అన్న వాక్యం తొమ్మిది రాత్రులు వరుసగా, ఒక్క అక్షరమూ తేడా లేకుండా ఉంది. ఆ తొమ్మిదింటిలో ఒక రాత్రి రెండు గంటలకు అమ్మ నాకు ఫోన్ చేసింది. "మోకాలు సలుపుతోందమ్మా, పిలిచినా ఎవరూ రావడం లేదు" అంది. నేను నర్సుల గదికి ఫోన్ చేశాక వెళ్లి మాత్ర ఇచ్చారు. మాత్ర ఇచ్చినట్టు 2:25కు నమోదై ఉంది, అదే రాత్రి నోట్సులో నొప్పి లేదని ఉంది. ముందురోజు రాసినదాన్ని నకలు చేసి అతికించే సౌకర్యం కంప్యూటరులో ఉండడం వల్ల వచ్చిన అబద్ధమిది. నర్సు చెడ్డది కాదు, ఆ రాత్రి ఆమె ఒక్కతే 30 మందిని చూసుకుంటోంది. కానీ మరునాడు వచ్చే డాక్టరు ఆ నోట్సు చూసే నొప్పి మందు చాలునా చాలదా అని నిర్ణయిస్తారు. అమ్మ నొప్పి ఆ రికార్డులో లేదు కాబట్టి డాక్టరుకూ లేదు. దీని మీద రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. నకలు సౌకర్యం తీసేశామన్నారు. ఆ తరువాతి నోట్సులో మాటలు మారాయి, రాత్రి సిబ్బంది సంఖ్య మాత్రం మారలేదు.

ఇక నా ప్రధానమైన ఆక్షేపణ. ఇక్కడ ప్రతి మందుకూ మొదలుపెట్టిన తేదీ ఉంటుంది, ఆపవలసిన తేదీ ఉండదు. న్యుమోనియా సమయంలో ఆసుపత్రిలో కడుపు మంటకు మొదలుపెట్టిన పాంటొప్రజోల్ ఏడు నెలలు సాగింది. అక్కడే నిద్ర పట్టడం లేదని కొద్ది రోజులకు ఇచ్చిన నిద్రమాత్ర కూడా ఆమెతో పాటు వచ్చేసింది. వృద్ధులకు ఏ మందులు సాధారణంగా తగవో చెప్పే బీర్స్ జాబితాను 1991లో తొలిసారి తయారుచేసింది నర్సింగ్ హోమ్‌లలో ఉండేవారి కోసమే. అలాంటి నిద్రమాత్రలు పడిపోవడానికి, మతిమరుపు తికమకకు దారితీస్తాయని ఆ జాబితా హెచ్చరిస్తుంది. ఫార్మసిస్టు నెలకోసారి చార్టులన్నీ చూస్తారు. ఆయన ఈ రెండు మందులనూ గుర్తించి, ఆపడం గురించి ఆలోచించమని డాక్టరుకు రాశారు కూడా. ఆ సలహా అయిదు వారాలు ఫైలులోనే ఉండిపోయింది. డాక్టరు ఒప్పుకున్నారనీ లేదు, ఒప్పుకోలేదనీ లేదు. నేను అడిగాకే జవాబు వచ్చింది. నిద్రమాత్రను కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపేశారు, పగటిపూట అమ్మ మగత సగానికి సగం తగ్గింది.

మొత్తం మీద 5కు 3.5 ఇస్తాను. మందు చేతికి అందే క్షణం దగ్గర వీరి పని నేను చూసిన మరి రెండు చోట్ల కంటే చాలా మెరుగు, రికార్డులు చూపించడానికి వెనుకాడరు, తప్పును కప్పిపుచ్చరు. ఆసుపత్రికీ వీరికీ మధ్య, ఫార్మసిస్టుకూ డాక్టరుకూ మధ్య మాత్రం కాగితాలు నిలిచిపోతాయి. తరచుగా వెళ్లి చార్టు అడిగి చూడగలిగిన కుటుంబాలకు ఈ చోటు నిశ్చింతగా చెబుతాను. దూరంగా ఉండి నెలకోసారి ఫోన్ మీదే ఆధారపడేవారు, ఫార్మసిస్టు నెలవారీ సలహాల ప్రతినీ వాటికి డాక్టరు ఇచ్చిన జవాబునూ తమకు పంపేలా చేరేటప్పుడే రాయించుకోవాలి. అడిగితే ఒప్పుకుంటారు, నాకు ఇప్పుడు పంపుతున్నారు.

అమ్మ మందులు ఇప్పుడు 11 నుంచి 8కి వచ్చాయి. నిన్నటి చార్టులో ఏడింటికి ఎందుకు వాడుతున్నారో, మళ్లీ ఎప్పుడు సమీక్షించాలో రాసి ఉంది. ఎనిమిదోది గత నెలలో మొదలైన కంటి చుక్కల మందు. దాని పక్కన తేదీ గడి ఖాళీగా ఉంది. కంటి డాక్టరును అడిగి గురువారంలోగా నింపుతామని నర్సు చెప్పింది, ఆ మాటను కూడా తేదీ వేసి నోట్సులో రాసింది.